ఎండ కళ్ళల్లో పడింది

గేరు అలా కాదు వెయ్యడం, క్లచ్చి అడుగంటా తొక్కకుండా మూడోది వేస్తే ఆ గరగర రాక ఇంకేం వస్తుంది, ఇరవై ఆరేళ్ళు స్కూలు బస్సు తోలిన మనిషిని పక్కసీట్లో కూర్చోబెట్టి ఆ గరగర వినిపించడం కన్నా పెద్ద శిక్ష ఇంకోటి ఉంటుందా అనుకుంటూ రేవిన్ కిటికీ వైపు మొహం తిప్పేసుకుంది, పక్క అద్దంలో టౌపో సరస్సు వెనక్కి జరిగిపోతోంది, మబ్బు పట్టి సీసం రేకులా ఉంది, మొన్న వచ్చినప్పుడు ఇదే సరస్సు గట్టున నిలబడి బెవన్ ఎప్పటి పాఠమే మళ్ళీ చెప్పాడు, ఇది చెరువనుకుంటున్నావా రే, ఒకప్పటి కొండ, పేలిపోగా మిగిలిన గొయ్యి, అడుగున ఇంకా ఉడుకుతూనే ఉంది, పైన మాత్రం పడవలు తిరుగుతుంటాయి, నలభై ఏళ్ళు భూగోళం చెప్పిన హెడ్మాస్టరు కదా, పెళ్ళాం కూడా ఆరో తరగతే ఆయనకి, అడుగున ఉడుకుతోందట, ఉడుకుతోందయ్యా, నీకు రెండడుగుల దూరంలో, నీ పక్కసీట్లోనే ఉడుకుతోంది, తల తిప్పి చూడు, చూసినా ఏం కనిపిస్తుందిలే నీకు, అదేగా సంగతి, కనిపించదు, కనిపించదని తెలిసి కూడా స్టీరింగు ముందు కూర్చుని ఈల వేస్తున్నావు.

పొద్దున క్యాంపు మైదానంలో చక్కెర అయిపోతే ఎక్కడైనా రెండు పొట్లాలు పడి ఉంటాయేమోనని వ్యాను తలుపు అరలో చెయ్యి పెట్టింది, రోడ్డు మ్యాపు మడతల్లోంచి జారింది ఆ కాగితం, హామిల్టన్‌లో కళ్ళ డాక్టరు రాసిన ఉత్తరం, తేదీ మార్చి పదకొండు, పొయ్యి మీద కెటిల్ కూత పెడుతూనే ఉంది, దాన్ని దింపకుండా రెండుసార్లు చదివింది, రెండు కళ్ళలోనూ నడిమి చూపు బాగా దెబ్బతిన్నది, ఇకమీదట ఏ వాహనమూ నడపకూడదని వారికి స్వయంగా వివరించాను, వారు అర్థం చేసుకున్నారు, ఆహా, అర్థం చేసుకున్నారు, అర్థం చేసుకునే కదూ నెల తిరక్కుండానే వ్యానుని సబ్బుతో కడిగి చేతులు తుడుచుకుంటూ వంటింట్లోకి వచ్చి, పద డ్రైవరమ్మా, అగ్నిపర్వతాలు చూసొద్దాం, రొటొరువా, టౌపో, రువాపెహు, ఆఖర్న నేపియర్‌లో సముద్రం, పది రోజులు, మనిద్దరమే అన్నాడు, ఆమె వెర్రిదానిలా పొంగిపోయి ఎండు ద్రాక్షలు వేసి కేకు చేసింది, నేపియర్‌లో ఉన్న చెల్లెలికి ఫోను చేసి మీ బావకి ఈ వయసులో సరదా పుట్టిందే అని నవ్వింది, సరదా కాదమ్మా, దొంగతనం, వచ్చే నెల డెబ్భై అయిదు నిండుతాయి, లైసెన్సు మళ్ళీ రాయించుకోవాలంటే డాక్టరు సంతకం కావాలి, ఆ సంతకం రాదు, రాదని తెలిసి, గడువు ఉన్నన్నాళ్ళూ తోలేద్దామని, ఒక్కడే కాదు, ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని మరీ, ఆమె ప్రాణం తన జేబులో చిల్లర అయినట్టు, అడగక్కర్లేదు, చెప్పక్కర్లేదు, ఖర్చుపెట్టేయడమే.

అడగొచ్చు కదా, అప్పుడే అడగొచ్చు, అడగలేదు, స్నానాల గదుల దగ్గర్నుంచి మెడలో తువ్వాలు వేసుకుని కూనిరాగం తీసుకుంటూ వచ్చాడు, టీ కప్పు అందుకునేటప్పుడు వేలు కప్పు లోపల పెట్టాడు, ఎంతవరకు నిండిందో తడిమి చూసుకోవడానికి, అది ఎన్నాళ్ళుగా చేస్తున్నాడో, ఆమె ఎన్నాళ్ళుగా వేలు తీయవయ్యా శుభ్రం లేదూ అని కసురుకుంటోందో, ఇప్పుడు అర్థమైంది, అర్థమైన కొద్దీ మంట ఎక్కువైంది, చక్కెర లేదు అంది, పర్లేదు అన్నాడు, అంతే, అదే ఇవాళ్టి వాళ్ళ మాటలు, ఆమె కప్పులు కడిగింది, అలమర కొక్కేలు పెట్టింది, గ్యాసు కట్టేసింది, ఉత్తరం ఊలు కోటు జేబులో పెట్టుకుంది, వచ్చి ఎడమ సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది, చెబుతాడు, ఇంజను స్టార్టు చేసేముందు చెబుతాడు, క్యాంపు గేటు దాటేముందు చెబుతాడు, ఊరు దాటేలోపు ఎక్కడో ఒకచోట ఆపి, రే నీకో మాట చెప్పాలి అంటాడు, అలా అంటే ఏం చెయ్యాలో కూడా ఆలోచించి పెట్టుకుంది, అరవదు, చెయ్యి చాపుతుంది, తాళం చెవి తీసుకుంటుంది, ఆ తరువాత రెండ్రోజులు మాట్లాడదు, కానీ అతను ముందు చెప్పాలి, ఇరవై ఏడేళ్ళ కాపురానికి అదొక్కటీ బాకీ పడ్డాడు, చెప్పనీ, తన నోటితో చెప్పనీ.

పైన్ చెట్ల అడవి మొదలైంది, రెండు పక్కలా ఒకే ఎత్తున, ఒకే వరసలో, హాజరు పిలవడానికి నిలబెట్టిన పిల్లల్లా, ఎదురుగా దుంగల లారీ వచ్చి వెళ్ళింది, గాలికి వ్యాను ఒక్క ఊపు ఊగింది, బెవన్ మెడ పక్కకి వంచి, కోడి గింజను చూసినట్టు, ఓరగా రోడ్డుని చూస్తున్నాడు, మెడ పట్టేసిందేమో తైలం రాయనా అని మొన్ననేగా అడిగింది, రాయి రాయి అని హాయిగా రాయించుకున్నాడు కూడా, సిగ్గు లేదు, రొటొరువాలో కుతకుతలాడే బురదగుంటల దగ్గర కళ్ళు మూసుకుని అరగంట నిలబడ్డాడు, గంధకం కంపుకి ఆమె ముక్కు మూసుకుని పోదాం పద అంటే, విను రే, గంజి ఉడికినట్టు లేదూ అన్నాడు, ఎంత భావుకుడయ్యాడో ముసలాడు అనుకుంది, ఇక రువాపెహు దగ్గర, అది తలుచుకుంటే కడుపు మండిపోతోంది, ఎడారి రోడ్డు పక్కన వ్యాను ఆపి, రెండు మడత కుర్చీలు వేసి, ఆమె భుజం మీద చెయ్యి వేసి, చెప్పు రే, మంచు ఎందాకా ఉంది, నీ మాటల్లో వినాలనుంది అన్నాడు, ఆమె చెప్పింది, నెత్తి మీద మాత్రం ఉంది, పక్కన చారికలు చారికలుగా దిగింది, మధ్యలో నల్లరాయి కనిపిస్తోంది, కుడివైపు మబ్బొకటి కొండకి ఆనుకుని కూర్చుంది, ఇంతకాలం కాపురంలో ఆమె మాటలు వినాలని అతను అడగడం అదే మొదటిసారి అనిపించి, బస్సు డ్రైవరు మాటల్లో కూడా కవిత్వం ఉందా అని అడిగితే, ఉంది అన్నాడు, దొంగ, ప్రేమ కాదది, కళ్ళద్దాలు, ఆమెని కళ్ళద్దాల్లా పెట్టుకుని చూశాడు, వాడుకుంటున్నానని ఒక్క మాట చెప్పి వాడుకుంటే ఎన్ని కొండలైనా చెప్పేది, గొంతు పోయేదాకా చెప్పేది.

ఏంటీ, ఇవాళ నోరు పెగలడం లేదే అన్నాడు, ఆమె ఉలిక్కిపడింది, ఏం లేదు అంది, అలకా, అన్నాడు, చక్కెర లేదని అలిగేది నేను కదా, అని తన జోకుకి తనే నవ్వాడు, ఇదిగో ఇప్పుడు, ఇప్పుడు చెప్పు, నవ్వు అయిపోయాక చెప్పు, నవ్వు అయిపోయింది, మళ్ళీ ఈల, మైదానం వచ్చింది, ఆవులు, కంచెలు, ఎనభై అని రాసిన బోర్డు, అతను ఆ బోర్డు దాటాక కూడా తొంభై మీదే పోతున్నాడు, ఎనభై అంది ఆమె, చూశాలే అన్నాడు, చూశాడట, పళ్ళు బిగించింది, ఎన్ని వందల సార్లు అని ఉంటాడు ఈ మాట, చూశాలే, తెలుసులే, నాకు చెప్పకు, పెళ్ళికి ముందు కూడా అంతే, అసలు వాళ్ళ పరిచయమే పోట్లాటతో, జులై నెల, ఇక్కడ నడి చలికాలం, గడ్డి మీద మంచు ఉప్పులా పేరుకున్న పొద్దున, ముప్ఫై ఒక్కమంది పిల్లలతో బస్సు స్కూలు ముందు ఆగింది, పక్క ఊళ్ళో పాటల పోటీకి తీసుకెళ్ళాలి, బ్రేకు తొక్కితే మెత్తగా, నానిన రొట్టెని తొక్కినట్టు దిగింది, అంతే, అందర్నీ దిగమంది, కొత్త హెడ్మాస్టరు కోటు బొత్తాలు పెట్టుకుంటూ పరుగెత్తుకొచ్చాడు, నా పిల్లలు చలికి వణుకుతున్నారమ్మా, బండి తియ్యి, నీ పిల్లలు బతికుండి వణుకుతున్నారు, దానికి సంతోషించు అంది, నీ పై అధికారితో మాట్లాడతానన్నాడు, మాట్లాడుకో అని తాళం చెవి జాకెట్టులో వేసుకుంది, మధ్యాహ్నం మెకానిక్కు వచ్చి బ్రేకు గొట్టం కారుతోందని చూపించాడు, మర్నాడు పొద్దున బస్సు షెడ్డు ముందు హెడ్మాస్టరు, చేతిలో సంచి నిండా కీమా కూరి కాల్చిన వేడి పైలు, తప్పు నాదే అన్నాడు, ఆ ఒక్క మాటకే పడిపోయింది ఆమె, ముప్ఫై తొమ్మిదేళ్ళ మనిషి, ఒకసారి కాపురం చేసి వదిలేసుకున్న మనిషి, తప్పు నాదే అనగలిగిన మగాడిని అంతకుముందు చూడలేదు, ఆ తరువాతా చూడలేదనే చెప్పాలి, ఎందుకంటే అతను మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

రోడ్డు దిగుతోంది, ఒకదాని మీద ఒకటి కొండలు, వాటి మధ్య లోయల్లో పొగమంచు, చినుకులు మొదలయ్యాయి, వైపర్లు కీచుమంటున్నాయి, చెప్పు, ఈ మలుపు దాటాక చెప్పు, ఆ మలుపు దాటాడు, పోనీ ఈ వంతెన దాటాక, దాటాడు, జేబులో ఉత్తరం అంచు ఆమె వేళ్ళకి తగులుతోంది, తీసి మొహాన కొడితే ఏమవుతుంది, కొట్టదు, అతను చెప్పాలి, వంపు తిరిగింది, రోడ్డు పనులకి పెట్టిన నారింజ రంగు కోన్లు, ముప్ఫై అని బోర్డు, ఎక్కడో దూరంగా పసుపు కోటు మనిషి చేతిలో ఆగమనే పలక, వరసగా ఆగిన బళ్ళు, అన్నిటికన్నా వెనక బూడిద రంగు చిన్న కారు, బూడిద రోడ్డు మీద, బూడిద చినుకుల్లో, వ్యాను తగ్గడం లేదు, ఈల వినిపిస్తూనే ఉంది, తగ్గడం లేదు, బ్రేకు, బెవన్, బ్రేకు అని అరిచింది, అరుస్తూనే అడ్డంగా వాలి స్టీరింగు పట్టుకుని ఎడమవైపుకి లాగేసింది, చక్రాలు కంకరలోకి దిగాయి, వెనక అలమరలో గిన్నెలన్నీ ఒకేసారి పడ్డాయి, ఫటేలుమని ఒక చప్పుడు, అద్దం చప్పుడు, తరువాత ఏమీ లేదు, వైపర్లు మాత్రం కీచుమంటున్నాయి, వ్యాను కంకర అంచున, ముందు చక్రానికి జానెడు దూరంలో వాగు, కుడిపక్క కిటికీకి చెయ్యి చాపితే అందేంత దగ్గరగా ఆ చిన్న కారు, దాని ఎడమ అద్దం విరిగి తీగకి వేలాడుతోంది, ఆ పక్క ముందు సీటు బెల్టులో ఒక ముసలావిడ, గడ్డం మీద మావోరీ పచ్చబొట్టు, ఒళ్ళో రెండు చేతులూ పెట్టుకుని, సూటిగా ముందుకే చూస్తోంది.

కారు నడుపుతున్న కూతురు దిగింది, నలభై దాటిన మనిషి, వాన లెక్కచేయకుండా కారు చుట్టూ తిరిగి వచ్చి బెవన్ తలుపు మీద అరచేత్తో చరిచింది, కళ్ళు కనపడవా నీకు, ఇంత రోడ్డు, ఇన్ని కోన్లు, ఇంత కారు, కళ్ళు కనపడవా, మా అమ్మకి ఎనభై ఆరేళ్ళు, ఇంకో మూరెడు ఇటొస్తే మా అమ్మ ఏమయ్యేది, బెవన్ మెడ వంచి ఆ గొంతు వచ్చే వైపు ఓరగా చూస్తున్నాడు, అప్పుడు రేవిన్ మాట్లాడింది, ఎవరూ ఆమెని అడగలేదు, అతని మీదుగా కిటికీలోకి వంగి, క్షమించమ్మా, ఎండ కళ్ళల్లో పడింది, ఒక్కసారిగా పడింది, ఆయనకి కనపడలేదు అంది, ఎంత నున్నగా వచ్చింది ఆ మాట, నూనె రాసినట్టు, కూతురు ఆకాశం వైపు చూడనైనా లేదు, చూసింది ముసలావిడ, కిటికీ దించి, విరిగిన అద్దం పక్కనుంచి తల బయటికి పెట్టి, కొండల మీద నల్లగా కూర్చున్న మబ్బుని నింపాదిగా చూసి, మొహం మీద పడిన చినుకులు తుడుచుకుని, ఎండెక్కడుంది తల్లీ అంది, గట్టిగా కూడా అనలేదు, నిజంగా తెలియక అడిగినట్టు అడిగింది, కూతురు ఫోనులో వ్యాను నంబరు ఫోటో తీసుకుంది, పోలీసులకి చెబుతా అంది, బెవన్ అద్దానికి డబ్బులిస్తానంటే, నీ డబ్బులు నువ్వే ఉంచుకో, వాటితో కళ్ళు కొనుక్కో అంది, వైమారీ, చాలమ్మా, వచ్చి కూర్చో, తడుస్తున్నావు అని పిలిచింది తల్లి, పలక తిరిగింది, బళ్ళు కదిలాయి, ఆ చిన్న కారు వేలాడే అద్దంతోనే వెళ్ళిపోయింది, వెళ్ళేదాకా ముసలావిడ రేవిన్‌నే చూసింది, బెవన్‌ని కాదు.

తాళం చెవి ఇటివ్వు అంది, రే, నేనూ, ఇటివ్వు, ఇచ్చాడు, ఆమె జేబులోంచి ఉత్తరం తీసి అతని ఒళ్ళో పడేసింది, అతను దాన్ని తడిమాడు, చదవక్కర్లేకుండానే తెలిసిపోయింది, ఎన్ని మడతలు పెట్టాడో వేళ్ళకి గుర్తుంది కాబోలు, ఎప్పుడు దొరికింది, పొద్దున, అయిదు వారాలు బెవన్, అయిదు వారాలు, రొటొరువా దాకా, రువాపెహు దాకా, ఆ ఎడారి రోడ్డు మీద వంద మీద పోనిచ్చావు, పక్కన ఎవరున్నారనుకున్నావు, నేనా, ఇంకో సామాను పెట్టెనా, చెబితే నువ్వు తాళం లాక్కునేదానివి అన్నాడు, లాక్కునేదాన్నే, అదే మరి, లాక్కుని నన్ను ఇక్కడ కూర్చోబెట్టేదానివి, నీ బస్సులో పిల్లాడిలా, బెల్టు పెట్టుకో, అల్లరి చెయ్యకు, ఒక్కసారి, పూర్తిగా పోకముందు, ఆ కొండల మధ్య నేను తోలుకుంటూ పోవాలనుకున్నాను, ఏదో పక్కనుంచి కాస్త కనిపిస్తుంది కదా, అంచులు కనిపిస్తాయి రే, మధ్యలోనే లేదు, నువ్వు చచ్చిపోదామనుకుంటే ఒక్కడివీ చావు, నన్ను చంపకు, ఊరి మీద ముసలివాళ్ళని చంపకు, ఆమె గొంతు వ్యాను రేకులకి కొట్టుకుని మళ్ళీ ఆమె చెవుల్లోకే వస్తోంది, పలక పట్టుకున్న మనిషి ఇటే చూస్తున్నాడు, చూడనీ, అప్పుడు బెవన్ అన్నాడు, మెల్లగా, తరగతిలో చివరి బెంచీ వాణ్ణి లేపి అడిగినట్టు, పొద్దున దొరికిందన్నావు కదా, మరి ఎందుకెక్కావు, ఆమె ఏమంది, నువ్వు చెబుతావని అంది, మెత్తటి బ్రేకుకి ముప్ఫై ఒక్కమందిని మంచులో నిలబెట్టావు, ఒక్క అంగుళం కదలనివ్వలేదు, ఇవాళ నన్ను డెబ్భై కిలోమీటర్లు తోలనిచ్చావు, నాకు పరీక్ష పెట్టావన్నమాట, హెడ్మాస్టరు నేననుకున్నాను ఇన్నాళ్ళూ, దిగు అంది ఆమె, దిగి ఇటు వచ్చి కూర్చో, ఇంకొక్క మాట మాట్లాడితే ఈ వాగులో తోసేస్తాను.

స్టీరింగు ఆమె చేతుల్లోకి వచ్చింది, సీటు ముందుకి జరుపుకుంది, అద్దాలు సరిచేసుకుంది, మూడో గేరు వెన్నలా పడింది, ఎంత మంచి బండి, పాపం ఇన్నాళ్ళూ అతని కాళ్ళ కింద ఏడ్చింది, చేతులు వాటంతటవే మలుపులు తిప్పుతున్నాయి, కోపానికి మాత్రం మలుపు దొరకడం లేదు, తనది తప్పట, ఎదురు తిప్పి కొడతాడు, ఎప్పుడూ అంతే, గొడ్డలి తన చేతిలో పెట్టుకుని చెట్టు ఎందుకు అడ్డం నిలబడిందని అడిగే రకం, కళ్ళు పోయినవాడు తను, దాచినవాడు తను, తోలినవాడు తను, పైగా ఎండ అని అబద్ధం కూడా ఆడించాడు, జీవితంలో బండి విషయంలో అబద్ధం చెప్పని మనిషి చేత, పిల్లల తల్లులు గేటు దగ్గర నిలబడి మా బుడ్డిది రేవిన్ బస్సులో వెళ్ళింది, ఇక భయం లేదు అనుకునేవాళ్ళు, అలాంటి మనిషి చేత, పెద్ద కొండలన్నీ వెనకబడ్డాయి, మొన్నటి తుఫానుకి ఒండ్రు కప్పేసిన లోయ వచ్చింది, కంచెల కొసలు ఇంకా మట్టిలోంచి వేళ్ళలా పైకి కనిపిస్తున్నాయి, పడిపోయిన ద్రాక్షతోటల్లో ఎవరో మళ్ళీ కొత్త గుంజలు పాతారు, బెవన్ మాట్లాడడం లేదు, మామూలుగా అయితే ఇక్కడ పాఠం మొదలయ్యేది, నేపియర్ భూకంపం, ఒక్క ఊపుకి సముద్రం అడుగు పైకి లేచి నేలైపోయింది రే, మనం వెళ్ళే రోడ్డు మా తాతల కాలంలో చేపలు తిరిగిన చోటు, ఎన్నిసార్లు విని విసుక్కుందో, ఇవాళ ఆ పాఠం రాకపోవడం మీద కూడా కోపం వచ్చింది, చెప్పవయ్యా, నోరు కూడా పోయిందా, అనలేదు, బండి తోలింది.

నేపియర్‌లో వాన లేదు, సముద్రం పక్కన పొడవాటి చెట్ల వరస కింద వ్యాను ఆపింది, రంగులేసిన పాత భవనాలు పెళ్ళికి వచ్చినవాళ్ళలా వరసగా నిలబడి ఉన్నాయి, చెల్లెలి ఇల్లు ఇక్కడికి పది నిమిషాలు, వెళ్ళబుద్ధి కాలేదు, ఈ మొహం పెట్టుకుని మీ బావకి సరదా పుట్టిందే అని ఎలా నవ్వడం, ఎదురు కొట్టులో చేపలూ చిప్సూ కాగితంలో కట్టించుకుని వచ్చింది, ఆకలి వేసి కాదు, చేతులకి ఏదో పని కావాలి, ఇద్దరూ గులకరాళ్ళ ఒడ్డున కూర్చున్నారు, కెరటం వచ్చి వెనక్కి పోయేటప్పుడల్లా రాళ్ళు గలగలమంటున్నాయి, సముద్రపక్షులు చుట్టూ చేరి అరుస్తున్నాయి, బెవన్ ఒక చిప్పు తడిమి తీసుకున్నాడు, ఇక దాచాల్సిన పని లేదు కదా, బాహాటంగానే తడుముతున్నాడు, రంగు ఎలా ఉందివాళ అన్నాడు సముద్రం వైపు తల ఎత్తి, నీ చెవులతో చూసుకో అంది, చూసుకున్నాడు కాసేపు, తరువాత, ఎండ కళ్ళల్లో పడిందన్నావు చూడు, నన్ను కాపాడావు రే, అంత కోపంలో కూడా నా కోసం అబద్ధం ఆడావు, ఆ ఒక్కటీ నేను మరిచిపోను అన్నాడు, కళ్ళు తడిగా ఉన్నాయి, పనికిరాని కళ్ళు, తడి మాత్రం బాగానే వస్తోంది.

నీ కోసమా, అంది, అనేసి ఆగింది, నీ కోసమా, చిప్పు చేతిలో చల్లారిపోతోంది, పక్షి ఒకటి దగ్గరికొచ్చి మెడ వంచి చూసింది, నీ కోసం కాదు అని నోటిదాకా వచ్చింది, మరెవరి కోసం, ఆ ముసలావిడ అతన్ని చూడలేదు, తనని చూసింది, పోయేదాకా తననే చూసింది, ఎందుకు చూసింది, ఏం కనిపించింది ఆవిడకి, కోన్లు ఎక్కడ మొదలయ్యాయి, వంపు తిరగ్గానే తెల్ల గుంజ ఉంది, ఆ గుంజ దగ్గరే మొదలయ్యాయి, గుంజ దగ్గర్నుంచి ఆ కారు ఎంత దూరం, ఆమెకి తెలుసు, బస్సు తోలేవాళ్ళకి దూరం కళ్ళతో కాదు కాలితో తెలుస్తుంది, రెండు వందల మీటర్లు పైనే, ఎనభై మీద పోతే తొమ్మిది సెకన్లు, బస్సులో అయితే గుంజ దగ్గరే కాలు బ్రేకు మీదికి వెళ్ళిపోయేది, ఇవాళ కూడా వెళ్ళింది, పక్కసీట్లో, ఖాళీ నేల మీద, కాలు నొక్కింది, నోరు తెరవలేదు, ఎందుకు, నోరు బిగించుకునే ఉంది, ఒకటి, కారు కనిపించింది, బూడిద రంగు అని కూడా అనుకుంది, రెండు, లోపల రెండు తలలు ఉన్నాయని కూడా చూసింది, ఒక తల తెల్లగా ఉంది, మూడు, లోపల ఒక గొంతు, చూద్దాం, ఇప్పుడేం చేస్తాడో చూద్దాం, ఇప్పుడైనా కనిపించడం లేదు రే అంటాడేమో, అనకపోతే ఇక జన్మలో నోరెత్తలేడు, నాలుగు, అనలేదు, అప్పుడు, అప్పుడు మాత్రమే అరిచింది, అరుపులో భయం ఎంతుందో, దొరికావురా అన్న సంతోషం కూడా అంతే ఉంది, ఉంది, ఇప్పుడు గులకరాళ్ళ మీద కూర్చుని చూస్తే స్పష్టంగా ఉంది, పొద్దుట్నుంచీ అతని నోట ఒక్క మాట కోసం కూర్చుంది, ఆ మాట కోసం తెల్ల తల ముసలావిడని పందెం పెట్టింది, అతనికి కనిపించక తోలాడు, తనకి కనిపించి కూడా తోలనిచ్చింది, అందుకే ఆ అబద్ధం అంత నున్నగా వచ్చింది, అది అతనికి అడ్డం వేసిన తెర కాదు, తన కోసం వేసుకుంది, ఇన్నాళ్ళ మంచి పేరు మీద.

ఫోను తీసింది, ఎవరికి అన్నాడు బెవన్, పోలీసులకి అంది, అతను చిప్పు కింద పెట్టి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు, ఇటివ్వు, తోలింది నేను, నేనే చెబుతాను, చెయ్యి చాపే ఉంచాడు, తప్పు నాదే అన్నాడు, ఇన్నేళ్ళ తరువాత రెండోసారి, ఆమె ఎదురుచూసిన మాటే, వచ్చింది, వచ్చి గులకరాళ్ళ మధ్య ఎక్కడో పడిపోయింది, కోపం మాత్రం అక్కడే ఉంది, అంగుళం తగ్గలేదు, ఇవాళా తగ్గదు, రేపూ తగ్గదు, చెల్లెలింట్లో అతన్ని వేరే గదిలో పడుకోమంటుంది, కానీ దాన్నంతా అతని ఒక్కడి నెత్తిన పెట్టడానికి లేదు, నీ వంతు తరువాత వస్తుంది హెడ్మాస్టారూ, ముందు నాది, కూర్చో అంది, అవతల ఫోను ఎత్తారు, ఎవరో చిన్నపిల్ల గొంతు, ఓపికగా, ఏం జరిగింది చెప్పండమ్మా, రేవిన్ తన పేరు చెప్పింది, వ్యాను నంబరు చెప్పింది, టౌపో రోడ్డు మీద పనులు జరిగే చోటు చెప్పింది, వైమారీ అనే ఆవిడ ఫిర్యాదు చేసి ఉంటుంది, ఆవిడ చెప్పింది ప్రతి అక్షరం నిజం, ఎండ లేదు, మా ఆయనకి నడిమి చూపు లేదు, డాక్టరు వద్దన్నారు, ఉత్తరం మా దగ్గర ఉంది, ఆయనే నడిపారు, ఆ పిల్ల టైపు చేస్తున్న చప్పుడు వినిపిస్తోంది, సరేనమ్మా, మరి ఆ సమయంలో మీరెక్కడున్నారు అంది, పక్కసీట్లో అంది రేవిన్, మీకు ముందే కనిపించిందా ఆ కారు, కెరటం ఒకటి వెనక్కి పోయింది, రాళ్ళు గలగలమన్నాయి, బెవన్ మెడ వంచి ఆమె వైపే చెవి పెట్టి ఉన్నాడు, ఇన్ని గంటలూ అతని మీద మోపిన నేరమంతా ఆ ఒక్క ప్రశ్నతో ఇటు తన వైపు తిరిగి కూర్చుంది, కనిపించింది అంది, బాగా కనిపించింది, నేను చూస్తూ కూర్చున్నాను.